ఉచితంగా ఇచ్చినవాళ్లకే ఇన్ని మాటలా?

ఫొటోలను తీసిన తేదీని బట్టి ఫోల్డర్లుగా సర్దిపెట్టే ఒక చిన్న ప్రోగ్రామ్‌ను చాలా ఏళ్లుగా నేను నడుపుతున్నాను. దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్‌ను రాసిన అసలు పాఠం) అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయమని ఈ పేజీ నాకు అప్పగించినప్పుడు లైసెన్సుల గురించో, ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలనో అడుగుతారనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాడేవాళ్లకీ, రాసేవాళ్లకీ మధ్య నడిచే మాటల గురించే ఉన్నాయి. ఈసారి పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: చదువుకునే రోజుల్లో రాసిన ఒక ప్రోగ్రామ్‌ను ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. పగలు ఉద్యోగం, రాత్రి ఇది. మొన్న ఒకాయన ‘ఈ చెత్తతో నా రోజంతా పాడైంది, ఇవాళే సరిచెయ్యి’ అని రాశాడు. నిద్ర పట్టలేదు. నేనూ నాలుగు మాటలు అనాలనుకుని ఆగిపోయాను. ఇలాంటివాళ్లకు అసలు జవాబివ్వాలా?
– పేరు రాయవద్దన్న మెయింటెయినర్ (ప్రోగ్రామ్ బాగోగులు చూసుకునే వ్యక్తి)

జవాబు: ఆ రాత్రి ఏమీ రాయకుండా ఊరుకోవడం మంచిదయింది. ఊరికే ఇచ్చినదానికి మాట పడాల్సి రావడం ఎవరికైనా కష్టమే.

ఆయనకు బహుశా ఆ రోజు పని పూర్తిచేసి ఇచ్చి తీరాల్సిన గడువేదో ఉండి ఉంటుంది. ఆ గడువు పెట్టింది మీరు కాదు. పని ఆగిపోయిన మనిషికి ఎదురుగా కనిపించిన పేరు మీది ఒక్కటే, కోపమంతా దాని మీదకు మళ్లింది. కారణం చెప్తున్నానే గానీ ఆయన చేసింది సరే అనడం లేదు. ‘ఇవాళే’ అనే హక్కు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. ఉచిత ప్రోగ్రామ్‌లకు వాడే ఎంఐటీ లైసెన్సులో పెద్దక్షరాలతో రాసి ఉండేది ఇదే: ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఎలాంటి హామీ లేదు. అలాంటిదే ఇంకో లైసెన్సు, 1991లో వచ్చిన జీపీఎల్ రెండో వెర్షన్‌లో 11, 12 సెక్షన్లు చెప్పేదీ అదే. కోడ్ వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీ రాత్రుళ్లు ఆ ఒప్పందంలో లేవు.

అయితే లైసెన్సు గుర్తు చేసుకున్నంత మాత్రాన నిద్ర పట్టదు. ఇంకో సంగతి గమనించండి. ప్రోగ్రామ్ బాగా పనిచేసినవాళ్లు తమ పని చూసుకుని వెళ్లిపోతారు, ఉత్తరం రాయాల్సిన అవసరం వాళ్లకు రాదు. మీ దాకా వచ్చేవన్నీ ఎక్కడో ఏదో చెడిపోయిన కేసులే. రోజంతా ఓపీ గదిలో కూర్చున్న డాక్టరుకు లోకంలో ఆరోగ్యవంతులే లేరనిపించినట్టు, మనకూ మనం రాసిందంతా పాడైపోయినట్టే అనిపిస్తుంది.

నేను పాటించే పద్ధతి చెప్తాను. ఉత్తరంలో తిట్టును పక్కన పెట్టి, మిగిలినదాంట్లో బగ్ (ప్రోగ్రామ్‌లో తప్పు) ఏమైనా ఉందా అని చూస్తాను. ఉంటే ఆ బగ్‌కు మాత్రమే రెండు లైన్లు: ‘ఏ వెర్షన్ వాడుతున్నారు? ఎర్రర్ మెసేజ్ పూర్తిగా పంపండి.’ తిట్టు గురించి ఒక్క ముక్క కూడా రాయను. ఏమీ మిగలకపోతే ఇష్యూ (నమోదైన ఫిర్యాదు) క్లోజ్ చేస్తాను. అదే మనిషి రెండోసారి కూడా తిడితే బ్లాక్ చేస్తాను, సంజాయిషీ ఇవ్వను. ఇష్యూల నోటిఫికేషన్లు ఫోన్‌లోకి రానివ్వను. వాటికంటూ వారంలో ఒక పూట పెట్టుకున్నాను. ప్రోగ్రామ్‌ను పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో మొదటి పేరాలోనే ‘దీన్ని ఒక్కరే ఖాళీ సమయంలో చూసుకుంటున్నారు, జవాబుకు వారాలు పట్టవచ్చు’ అని ఉంటుంది. అది అందరూ చదవరు. కానీ ఆలస్యమైందని ఎవరైనా గొడవపడితే ఆ లైను చూపిస్తే చాలు, కొత్తగా వాదించే పని ఉండదు.

‘ఇవన్నీ పట్టించుకోకూడదు, వదిలెయ్’ అని మీకు చాలామంది చెప్తారు. నాకు ఆ సలహా నచ్చదు. పట్టించుకునే గుణం ఉంది కాబట్టే ఆ ప్రోగ్రామ్‌ను మీరు ఇంతకాలం నిలబెట్టగలిగారు. దాన్ని చంపుకోవద్దు. అది ఏ పూట, ఎవరి కోసం ఖర్చవ్వాలో మాత్రం మీరే తేల్చుకోండి.

ప్రశ్న: నేను కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాదు. ఒక ఉచిత ప్రోగ్రామ్ పనిచేయడం లేదని రాస్తే ‘ఏ వెర్షన్? శాంపిల్ ఫైల్ పంపండి’ అన్నారు. నేను అవి వెతుక్కునేలోపే నా ఫిర్యాదు మూసేశారు. సాయం అడిగితే పరీక్ష పెట్టినట్టుంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది. అయినా ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతారో మీకు వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ ఒక్క విషయం అర్థమైతే సగం గొడవలు ఉండవు.

నా ప్రోగ్రామ్ మీద తరచూ వచ్చే ఫిర్యాదు ‘ఫొటోలన్నీ తప్పు తేదీలోకి పోయాయి’ అని. ఈ ఒక్క వాక్యం వెనక ఎన్ని కారణాలు ఉండొచ్చో చూడండి. కెమెరా ప్రతి ఫొటో లోపల తీసిన సమయాన్ని 2019:08:14 18:32:05 లాగా రాసిపెడుతుంది. అందులో అది ఏ దేశపు టైమో ఉండదు. దానికి వేరే గడి, ఫొటోలో ఈ సమాచారం ఎలా రాయాలో చెప్పే ఎక్సిఫ్ ప్రమాణంలో, 2016లో వచ్చిన 2.31 వెర్షన్‌తోనే చేరింది. కాబట్టి విదేశంలో అర్ధరాత్రి తీసిన ఫొటో పక్క రోజు ఫోల్డర్‌లోకి పోవచ్చు. మెసేజింగ్ యాప్ ద్వారా వచ్చిన ఫొటో అయితే ఈ సమాచారం చాలాసార్లు దారిలోనే ఊడిపోతుంది, మిగిలేది మీ ఫోన్‌లో సేవ్ అయిన తేదీ. కెమెరాలో గడియారాన్ని నడిపించే చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ మళ్లీ మొదటికి పోతుంది. మెమరీ కార్డుల్లో ఫైళ్లు దాచడానికి వాడే ఫ్యాట్ పద్ధతిలో తేదీల లెక్క 1980 జనవరి 1 నుంచే మొదలవుతుంది కాబట్టి కొన్ని ఫొటోలు ఏకంగా 1980 ఫోల్డర్‌లో తేలతాయి.

ఒకావిడ ‘మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు మీ ప్రోగ్రామ్ మాయం చేసింది’ అని ఎంతో బాధగా రాశారు. ఒక్క ఫొటో పంపమన్నాను. స్క్రీన్‌షాట్ తీసి పంపారు. స్క్రీన్‌షాట్ అంటే అప్పుడే పుట్టిన కొత్త ఫైలు, దాంట్లో ఉండేది ఇవాళ్టి తేదీ. అసలు ఫైలే కావాలన్నాను. చాట్ యాప్‌లో పంపారు, లోపలి సమాచారం ఊడిపోయి వచ్చింది. ఆవిడకు కోపం వచ్చింది, ఎందుకు రాదు? చివరికి కార్డులోని ఫైలును మెయిల్‌కు జతచేసి పంపారు. తెరిచి చూస్తే 1980 జనవరి 1. ఫొటోలు ఎక్కడికీ పోలేదు, ఆ ఏడాది పేరున్న ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నాయి. పుట్టినరోజు తేదీ ఆవిడకు తెలుసు కాబట్టి, ఎంత తేడా ఉందో లెక్కగట్టి అన్ని ఫొటోల తేదీలనూ ఒకేసారి ముందుకు జరిపాం. ఆ ఫైలు మొదటిరోజే నా చేతికి వచ్చి ఉంటే ఇదంతా కొద్ది నిమిషాల పని.

మీరు రాసినప్పుడు అవతలివాళ్లకు కావలసింది ఇంతే: మీరు ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, నిజానికి ఏం జరిగింది, వెర్షన్ నంబర్, వీలైతే ఒక అసలు ఫైలు. టెక్నికల్ మాటలు అక్కర్లేదు.

ఇక మూసేయడం. మనిషి చేశారనుకోకండి. చాలా ప్రాజెక్టుల్లో కొన్నాళ్లు కదలిక లేని ఫిర్యాదులను తనంతట తానే మూసేసే బాట్ (ఇలాంటి పనులు చేసే చిన్న ప్రోగ్రామ్) ఉంటుంది. నేనైతే దాన్ని పెట్టుకోలేదు, మీలాంటివాళ్లు నొచ్చుకుంటారనే. మూసిన ఫిర్యాదు కిందనే వివరాలు రాసి పెట్టండి, మళ్లీ తెరవమని అడగండి. తప్పేమీ లేదు.

ప్రశ్న: మా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక ఉచిత లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) మీద ఆధారపడి ఉంది. అందులో ఒక లోపం నెలలుగా అలాగే ఉంది. ఆ మెయింటెయినర్‌కు రోజూ గుర్తుచేయమని మా మేనేజర్ నన్ను నిలదీస్తున్నారు. నాకే మొహమాటంగా ఉంది.
– ఒక డెవలపర్

జవాబు: రోజూ గుర్తుచేయడం ఇవాళే ఆపేయండి. మీ మొహమాటం సరైనదే.

మీ మేనేజర్‌కు ఈ సంఘటన చెప్పండి. 2021 డిసెంబరులో లాగ్4జే అనే లైబ్రరీలో లోపం బయటపడి ప్రపంచమంతా కంగారుపడింది. ఆ తర్వాత, 2022 జనవరిలో, నెట్ ద్వారా డేటా పంపే, తెచ్చే కర్ల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్‌కు ఒక పెద్ద కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ లోపం మీ ప్రోడక్టులో ఉందా, ఏం చర్యలు తీసుకున్నారు అంటూ వరసగా ప్రశ్నలు, 24 గంటల్లో జవాబివ్వాలని గడువు. కర్ల్‌కూ లాగ్4జేకూ సంబంధమే లేదు. ఆ కంపెనీకీ ఆయనకూ మధ్య ఏ కాంట్రాక్టూ లేదు. సపోర్ట్ కాంట్రాక్టు మీద సంతకం చేస్తే సంతోషంగా జవాబిస్తానని ఆయన రాశారు. జవాబు కావాలంటే కాంట్రాక్టు, పద్ధతి అదే.

మీ దగ్గర మూడు దారులున్నాయి. మీరే లోపం వెతికి, సరిచేసి, దానికి టెస్ట్ కూడా రాసి పంపడం మొదటిది. పంపేముందు తీసుకుంటారో లేదో అడగండి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లాంటి ప్రాజెక్టు కోడ్‌ను అందరికీ వదిలేసింది గానీ బయటివాళ్ల ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) మామూలుగా తీసుకోదు. అయితే వాళ్ల దగ్గర డబ్బు కట్టి సపోర్ట్ కొనుక్కోవచ్చు, అది రెండో దారి. మూడోది, సొంతంగా ఫోర్క్ (ఆ కోడ్‌కు విడి కాపీ) పెట్టుకుని మీ ఖర్చుతో మీరే నడుపుకోవడం. ఇవేవీ చేయకుండా ఒత్తిడి మాత్రం చేస్తామంటే ఆ భారమంతా ఒక్క మనిషి మీద పడుతుంది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడే నాటికి, ఆ లోపం ఉన్న, లోకంలోని వెబ్‌సైట్లలో ఎన్నింటినో కాపాడుతున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీకి వచ్చే విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. దాని మీద వ్యాపారం చేసిన కంపెనీలు ఎన్నో! 2025 జూన్‌లో లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే లైబ్రరీ మెయింటెయినర్ ఇక భద్రతా లోపాలను రహస్యంగా ఉంచుతూ గడువులకు లోబడి పనిచేయనని, మామూలు బగ్‌ల లాగే చూస్తానని ప్రకటించారు. జీతం లేకుండా ప్రతివారం గంటల కొద్దీ వాటికే పోతున్నాయన్నారు. ఆయన నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైనదని నా అభిప్రాయం.

ప్రశ్న: కొన్ని నెలలుగా ఒక కొత్త వ్యక్తి నా ప్రాజెక్టుకు మంచి ప్యాచ్‌లు పంపుతున్నాడు. నేను అలసిపోయాను. ‘నువ్వు చూడలేకపోతే అతనికి అప్పగించు’ అని వాడేవాళ్లు కొందరు ఒత్తిడి చేస్తున్నారు. ఇచ్చేయనా?
– అలసిన మెయింటెయినర్

జవాబు: సాయం తీసుకోండి, తాళాలన్నీ ఒకేసారి ఇవ్వకండి.

ఇది చదివి ఎక్స్‌జెడ్ యుటిల్స్ గుర్తుకొచ్చింది. ఫైళ్లను కుదించే ఆ ప్రోగ్రామ్ లినక్స్ ఉన్న దాదాపు ప్రతిచోటా ఉంటుంది. దాన్ని లాసె కొలిన్ ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా చూసుకున్నారు. 2021లో జియా తాన్ అనే పేరుతో ఒకరు ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. 2022లో ముక్కూ మొహం తెలియని కొందరు, పని నత్తనడకన సాగుతోందని, ఇంకొకరికి అప్పగించమని కొలిన్ మీద విరుచుకుపడ్డారు. తనకు చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేసే పని అని ఆయన జవాబు రాశారు. ఆ జవాబు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మెల్లగా అధికారాలు జియా తాన్ చేతికి వెళ్లాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బయటివాళ్లు రహస్యంగా లోపలికి రాగల ఏర్పాటు) దూరింది. దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి మార్చి 29న లోకానికి తెలిసింది. లేకపోతే ఆ వెర్షన్లు ఎక్కడెక్కడికి చేరేవో!

మీకు సాయం చేస్తున్నవాడు దొంగ అనడం లేదు. చాలామంది నిజంగా మంచివాళ్లే. ముందు ఇష్యూలకు లేబుళ్లు పెట్టే, క్లోజ్ చేసే అధికారం ఇవ్వండి. మీకు ఊపిరి సలపనిది అక్కడే కదా. కోడ్ కలిపే అధికారం తర్వాత, రిలీజ్ చేసే అధికారం అన్నిటికన్నా చివర. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని తెరిచే కీలకమైన ముక్క రిపాజిటరీలో (అందరికీ కనిపించే కోడ్ నిల్వలో) లేదు, విడుదల చేసిన టార్ ఫైల్లో (కోడంతా కట్టిన మూటలో) మాత్రమే ఉంది. అందుకే రిలీజ్ ఫైళ్లు ఎవరి కంప్యూటర్‌లోనో కాకుండా రిపాజిటరీలోని కోడ్ నుంచి నేరుగా తయారయ్యేలా పెట్టుకోండి. తొందరపెట్టేవాళ్ల మాట అసలు వినకండి. వాళ్లలో ఒక్కరైనా ఒక్క ప్యాచ్ పంపారా?

ప్రశ్న: మావారు రాత్రి భోజనం దగ్గర కూడా ఫోన్ చూస్తూ ఎవరెవరికో జవాబులిస్తుంటారు. పైసా రాదు. ఏమైనా అంటే ‘పాపం వాళ్ల పని ఆగిపోయింది’ అంటారు. ఎలా చెప్పాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: డబ్బు రాదనే మాట ఎత్తకండి. ఆ సంగతి ఆయనకు తెలుసు, డబ్బు కోసం మొదలుపెట్టలేదు. ఆ మాట వింటే తను ఇష్టపడి చేస్తున్నదానికి ఇంట్లో విలువ లేదనుకుంటారు.

‘నాకు ఈ గంట కావాలి’ అని అడగండి. ఆయన మనసులో ఉన్న భయం ఏమిటంటే, ఇప్పుడు జవాబివ్వకపోతే అవతలివాళ్లు ఇబ్బంది పడతారని. నిజానికి రాత్రి అలసటతో రాసిన తొందరపాటు జవాబు రేపు ఇంకో నాలుగు ప్రశ్నలు తెస్తుంది. ఒకసారి ఆయన పక్కన కూర్చుని ఆ ప్రశ్నలు మీరూ చదవండి. మళ్లీ మళ్లీ వచ్చేవి ఏవో మీకే కనిపిస్తాయి. వాటికి ఒక్కసారి వివరంగా జవాబు రాసి పెట్టుకుంటే ఆ తర్వాత లింకు పంపితే సరిపోతుంది. ఆ రాసే పనిలో మీ సాయం ఆయనకు ఎంతో ఉపయోగపడుతుంది, తెలియనివాళ్లకు ఏది అర్థం కాదో మీరే బాగా చెప్పగలరు.

ప్రశ్న: ఏఐ రాసిపెట్టిన బగ్ రిపోర్టులు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. చదివితే నిజంలాగే ఉంటాయి, వెతికితే ఆ ఫంక్షనే మన కోడ్‌లో ఉండదు.
– ఒక మెయింటెయినర్

జవాబు: నాకూ వస్తున్నాయి. రాయడానికి అవతలివాళ్లకు నిమిషం, తప్పని తేల్చడానికి మనకు ఒక పూట. కర్ల్ ప్రాజెక్టు 2019 నుంచి నడిపిన, లోపం పట్టినవాళ్లకు డబ్బిచ్చే బగ్ బౌంటీ పథకాన్ని ఇలాంటి వాటి తాకిడికి తట్టుకోలేక 2026 జనవరితో ఆపేసింది. లోపాన్ని మళ్లీ జరిపి చూపించే కమాండ్, దాని అవుట్‌పుట్ లేనిదే ఇష్యూ చూడనని టెంప్లేట్‌లో (ఫిర్యాదు రాసే నమూనాలో) రాసేయండి. అవి లేకపోతే చదవకుండానే మూసేయండి. మర్యాద తప్పినట్టు కాదు.

ప్రశ్న: బాగా పనిచేస్తోందని, థాంక్స్ అని రాస్తే మీకు ఇబ్బందా?
– ఒక విద్యార్థి

జవాబు: ఎంత మాత్రం కాదు. దేనికి వాడుతున్నారో కూడా ఒక లైను రాయండి, అది చాలా సంతోషాన్నిస్తుంది. తెరిచి ఉన్న ఇష్యూ కింద మాత్రం రాయకండి, దాన్ని అనుసరించే అందరికీ నోటిఫికేషన్ పోతుంది. విడిగా మెయిల్ చేయండి.

ప్రశ్న: ఇక నా వల్ల కాదు. ప్రాజెక్టు ఆపేస్తే వాడేవాళ్లకు ద్రోహం చేసినట్టా?
– పేరు రాయలేదు

జవాబు: కాదు. మీరు ఇచ్చింది ఇచ్చారు, అది వాళ్ల దగ్గరే ఉంది. లైసెన్సు వల్ల రేపు ఎవరైనా దాన్ని ముందుకు తీసుకెళ్లవచ్చు.

ఆపే పద్ధతి గురించి మాత్రం కాస్త జాగ్రత్త పడండి. కోపంలో అన్నీ చెరిపేయొద్దు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన, ఒక పేరు మీద వచ్చిన వివాదంలో మనసు విరిగి, తన ప్యాకేజీలన్నీ, వాటిని అందరికీ పంచే ఎన్‌పీఎం నుంచి తీసేశారు. దాని మీద ఆధారపడ్డ వేరే ప్రాజెక్టుల బిల్డ్‌లు (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే పని) ప్రపంచవ్యాప్తంగా ఆగిపోయాయి. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. దెబ్బ మాత్రం ఆ గొడవతో సంబంధం లేనివాళ్లకు తగిలింది.

చివరి రిలీజ్ ఒకటి చేసి, అందులో ‘ఇక నిర్వహణ ఉండదు’ అని మొదటి లైనులో రాయండి. కారణం చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే వద్దు. దీనికి బదులు వాడదగినవి మీకు తెలిస్తే పేర్లు ఇవ్వండి. కొన్ని వారాలు ఆగి రిపాజిటరీని ఆర్కైవ్ చేయండి. అప్పుడు అందరూ చదవగలరు, కొత్త ఇష్యూలు ఎవరూ తెరవలేరు. ప్యాకేజీ పేరును, రిలీజ్ మీదేనని చూపే సంతకానికి వాడే కీని తెలియనివాళ్లకు ఇవ్వకండి, ఎవరైనా నడుపుతామంటే వేరే పేరుతో ఫోర్క్ చేసుకోమనండి. ఆ ప్యాకేజీ ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్ డొమైన్‌ను (@ తర్వాత వచ్చే పేరును) మాత్రం గడువు దాటిపోనివ్వొద్దు. దాన్ని ఇంకెవరైనా కొనుక్కుంటే పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ వాళ్లకే వెళ్తుంది, మీ ప్యాకేజీ పేరుతో ఏదైనా విడుదల చేయగలరు. డొమైన్ వదులుకోవాలనుకుంటే ముందుగా ఆ ఖాతాకు వేరే ఈమెయిల్ పెట్టుకోండి.